గోల్‌కీపర్‌ని మళ్లీ దింపిన రోజు

నేను పీఈటీగా పనిచేసే బడి వేములవాడకు దగ్గర్లో, నేతపని మీద బతికే ఊళ్లో ఉంది. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో సగానికి పైగా సాంచాల మీద పనిచేసేవాళ్ల బిడ్డలే. బూట్లు అందరికీ సరిపోయేవి ఉండవు. ఇద్దరు ముగ్గురు ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని ఆడేవాళ్లు. అయినా ఆ ఏడాది మేం బడుల పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లాం. ఆ మ్యాచ్ ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో పెట్టారు.

గెలవాలని పిల్లల కంటే నాకే ఎక్కువగా ఉండేది. ఆ సంగతి అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు. జిల్లా పేపర్లో మా జట్టు ఫొటో పడితే ఎలా ఉంటుందో ఎన్నిసార్లు ఊహించుకున్నానో నాకే తెలుసు.

మా గోల్‌కీపర్‌కి పదమూడేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉండేది. బంతి వస్తుంటే కళ్లు మూసుకోని పిల్ల జట్టులో ఆమె ఒక్కతే. మొదటి సగం ముగిసే ముందు, బంతి కోసం కిందికి దూకినప్పుడు అవతలి జట్టు అమ్మాయి మోకాలు ఆమె కణతకు తగిలింది. ఆ చప్పుడు గీత బయట ఉన్న నాకు కూడా వినిపించింది. పరుగెత్తాను. నేను వెళ్లేసరికే లేచి కూర్చుని గ్లోవ్స్ సర్దుకుంటోంది.

"ఏం గాలే మేడం. మంచిగనే ఉన్న."

స్కోరు ఎంతని అడిగితే, ఒకటి సున్నా, మనమే ముందున్నమని సరిగ్గానే చెప్పింది. నాకు కావాల్సింది ఆ జవాబే. అది దొరకగానే వెనక్కి వచ్చేశాను.

హాఫ్ టైంలో నీళ్లు తాగుతూ నన్ను అడిగింది, "ఇప్పుడు మనం ఏ దిక్కు ఆడుతం మేడం?"

చెయ్యి చాపి చూపించాను. మిగతా పిల్లలకు ఎక్కడ నిలబడాలో చెబుతుంటే నా చొక్కా అంచు పట్టుకుని మళ్లీ అదే అడిగింది. "మేడం, ఇప్పుడు మనం ఏ దిక్కు?"

అంతకు ముందు వేసవిలో కోచ్‌ల శిక్షణకు వెళ్లాను. తలకు దెబ్బ తగిలిన పిల్లలు తికమకగా మాట్లాడినా, అడిగిందే అడిగినా వెంటనే బయటికి తీసుకురావాలని, ఆ రోజు మళ్లీ ఆడించకూడదని అక్కడ చెప్పారు. అనుమానం వచ్చినా చాలు, ఆపేయాలన్నారు. నోట్‌బుక్‌లో ఆ మాటల కింద గీత కూడా గీసుకున్నాను. ఆ నోట్‌బుక్ అప్పుడు నా సంచిలోనే ఉంది.

బెంచీ వైపు చూశాను. రెండో గోల్‌కీపర్ జట్టులో అందరికంటే పొట్టి పిల్ల. తనను దింపుతానేమోనని అప్పటికే బిక్కమొహం వేసుకుని కూర్చుంది. జట్టుకు మేనేజర్‌గా వచ్చిన మా సీనియర్ సార్ గడియారం చూసుకుంటున్నాడు. రెఫరీ విజిల్ ఊదాడు.

నేను గోల్‌కీపర్ భుజం మీద చెయ్యేసి అన్నాను, "నువ్వుంటెనే గెలుస్తం బిడ్డా. జరసేపే గదా."

ఆమె తల ఊపి వెళ్లింది.

తర్వాతి పది నిమిషాలు నేను ఆట చూడలేదు, ఆమెనే చూశాను. గోల్‌పోస్ట్‌ను ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. ఒకసారి బంతి పోస్ట్ పక్క నుంచి బయటికి పోయింది. అందరి తలలూ అటు తిరిగాయి, ఆమె మాత్రం అటు చూడలేదు. అప్పుడు నేను గట్టిగా అరిచి ఆట ఆపించాను. బయటికి రమ్మంటే ఆమె అవతలి జట్టు బెంచీ వైపు నడిచింది. నేను వెళ్లి పట్టుకునేలోపే వంగి వాంతి చేసుకుంది.

ఆ ఊరి బడి పీఈటీ సార్ తన కారు తెచ్చాడు. మొదట అక్కడి ఆసుపత్రికే తీసుకెళ్లాం. డాక్టరమ్మ కళ్లలోకి టార్చి వేసి చూసింది. "స్కాన్ చేయించాలె. ఆదిలాబాద్ తీస్కపోండ్రి, లేట్ చెయ్యకుండ్రి" అని చీటీ రాసిచ్చింది.

బోథ్ నుంచి ఆదిలాబాద్‌కు గంటకు పైనే పడుతుంది. ఆ దారంతా పత్తి చేలే. వెనక సీట్లో ఆమె తల నా ఒడిలో ఉంది. కళ్లు మూసినప్పుడల్లా నేను పిలిచేదాన్ని. మీ చెల్లె ఏ తరగతి, పొద్దున ఏం తిన్నవ్ అని ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. జవాబు ఆలస్యమైతే మళ్లీ అదే అడిగేదాన్ని.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం, దగ్గరికొచ్చినం" అని ఆ సార్ అద్దంలోంచి చూస్తూ అన్నాడు. అదే మాట అంతకు ముందు కూడా రెండుసార్లు అన్నాడు.

"తల ఎప్పటిసంది తిరుగుతుంది బిడ్డా?" అని అడిగాను.

"దెబ్బ తాకినప్పటిసంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె కళ్లు తెరవకుండానే అంది, "మీరే అన్నరు గద మేడం, నేనుంటెనే గెలుస్తమని."

ఆ మాట నేను ఆ రోజు ఒక్కసారి అన్నది కాదు. ప్రాక్టీసులో అన్నాను, బస్సులో అన్నాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. నొప్పి చెప్పుకోవడానికి వీల్లేకుండా ఆ పిల్ల నోరు కట్టేస్తున్నానని అనుకోలేదు.

వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను. ఎత్తాడు గానీ సాంచాల చప్పుడులో నా మాట అతనికి వినబడలేదు.

"ఇనవడుతలేదు మేడం, ఆగుండ్రి, బయటికొస్త."

అతను బయటికి వచ్చేదాకా ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. ఆ కాసేపట్లో ఏ మాటతో మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. చివరికి, "తలకు దెబ్బ తాకింది, ఆదిలాబాద్ తీస్కపోతున్న, మీరు రావాలె" అన్నాను. అతను "వస్తున్న" అని పెట్టేశాడు.

ఆసుపత్రి గేటు దగ్గర ఉండగా సీనియర్ సార్ ఫోన్ వచ్చింది. మ్యాచ్ గెలిచామట. ఆ పొట్టి పిల్ల రెండు గోల్స్ ఆపిందట. అంటే, హాఫ్ టైంలోనే ఆ పొట్టి పిల్లను దింపాల్సింది. ఆ పిల్లనూ నేను నమ్మలేదు, ఈ పిల్లనూ కాపాడలేదు.

స్కాన్ రిపోర్టు వచ్చేదాకా కారిడార్‌లో కూర్చున్నాను. తలుపు చప్పుడైతే లేచేదాన్ని, మళ్లీ కూర్చునేదాన్ని. చివరికి డాక్టర్ వచ్చి, లోపల రక్తస్రావం లేదని, కానీ మెదడు గట్టిగా అదిరిందని చెప్పాడు. ఆ ఒక్క రోజు ఆసుపత్రిలో ఉంచమన్నాడు. కొన్ని వారాలు ఆటలొద్దు, చదువు కూడా మెల్లగా మొదలుపెట్టాలన్నాడు. దెబ్బ తగిలాక మళ్లీ ఆడిందా అని అడిగాడు. ఆడిందన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మధ్యాహ్నం సీనియర్ సార్ వస్తే, హాఫ్ టైంలో జరిగింది చెప్పాను. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు, "వాళ్ల బాపు వచ్చినంక నీకు ముందుగాల తెల్సిందని మాత్రం చెప్పకు. ఆటల దెబ్బలు తాకుతనే ఉంటయి. పిల్ల మంచిగుంది గదా, ఇంకేంది?"

ఆయన చెడ్డవాడు కాదు. నా ఉద్యోగం గురించే భయపడ్డాడు. నాకూ అదే భయం ఉంది. అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ లేదు, ఒక్క ముక్క చెప్పకుండా ఉంటే సరిపోతుంది. తండ్రి వచ్చేదాకా నేను ఆ ముక్క చుట్టూనే తిరిగాను.

చీకటి పడకముందే అతను వచ్చాడు. చొక్కా మీద నూలు పోగులు అలాగే ఉన్నాయి. బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఆమె నవ్వి, "బాపూ, మేం గెలిసినం" అంది. అతను తల ఊపాడు.

బయటికి పిలిచి అంతా చెప్పాను. అడిగిందే రెండుసార్లు అడిగిందని, ఆపాలని నాకు తెలుసునని, అయినా పంపించానని.

"తెల్సి గూడ ఆడిపిచ్చిండ్రా?"

"ఆడిపిచ్చిన."

గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"దారం తెగితె మేం సాంచ ఆపుతం మేడం" అన్నాడు చివరికి. "ఆమెకు నాకంటె మీరంటెనే ఎక్కువ. మీరు దుంకుమంటె దుంకుతది. గంతే, ఇంకేమనాలె మిమ్ముల?"

ఊరికి వచ్చాక జరిగింది జరిగినట్టు రాసి హెడ్ మేడంకి ఇచ్చాను. ఆమె నాకు మెమో ఇచ్చింది. నెల రోజులు జట్టును నా చేతికి ఇవ్వలేదు. ఫైనల్ సీనియర్ సార్ ఆడించాడు, ఓడిపోయారు.

ఆ పిల్లకు రెండు వారాలు తలనొప్పి తగ్గలేదు. బోర్డు మీద అక్షరాలు కదులుతున్నాయని చెప్పింది. రోజు విడిచి రోజు వాళ్లింటికి వెళ్లేదాన్ని. మొదట్లో వాళ్ల అమ్మ నాకు చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోయేది. ఒకరోజు మాత్రం నా ఎదురుగా కూర్చుని, "రాత్రి మంచిగ పన్నది మేడం" అంది. ఆ రోజు ఇంటికి వెళ్లి నేనూ నిద్రపోయాను.

డాక్టర్ ఆడొచ్చని రాసిచ్చాక ఆమె మళ్లీ మైదానానికి వచ్చింది. తోడుగా వాళ్ల నాన్న వచ్చాడు. వారం రోజులు సాయంత్రం పూట గోడ పక్కన నిలబడి చూశాడు. బంతిని గానీ బిడ్డను గానీ కాదు, నన్ను చూశాడు. ఎనిమిదో రోజు రాలేదు. బిడ్డను మళ్లీ నా చేతికే వదిలేశాడని ఆ రోజు నాకు ఇంకా ఎక్కువ భయమేసింది.

మొన్న కరీంనగర్‌లో మ్యాచ్ జరిగింది. మా జట్టులో వేరే అమ్మాయికి చెవి పైన మోచెయ్యి తగిలింది. కింద పడి లేచి ఒక్క క్షణం నిలబడిపోయింది. నేను వెంటనే బయటికి పిలిచాను.

"ఏం గాలే మేడం! ఒట్టు, ఏం గాలే!" అని ఏడ్చింది. కంచె అవతలి నుంచి ఎవరో, "గింత దెబ్బకే బయటికి తీస్తరా?" అని అరిచారు. మేం ఓడిపోయాం. డాక్టర్ చూసి ఏమీ లేదన్నాడు. అందరూ నా వైపు అదోలా చూశారు.

ఆ అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మాట్లాడకపోయింది. ఆ రెండు పొద్దుల్లోనూ ప్రార్థన వరుసలో ఆమె మొహం కనిపించేదాకా నా గుండె కుదుటపడలేదు.