ఆయుధపూజకు నీలమైన పొరలు

తిరుపతిలో మా ఫిజిక్స్ ల్యాబులో ఆయుధపూజ ఏటా తప్పకుండా జరిగేది. వ్యాక్యూమ్ పంపు మొదలు మీటరు దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టి, దసరా సెలవులకు తాళం వేసేవాళ్ళం. తొంభైల చివర్లో ఒక ఏడు, నా దగ్గర పరిశోధన చేస్తున్న, పూతలపట్టు ఊరి అమ్మాయి తన గాజు పలకల మీద కర్పూరం పొగ పడుతుందని భయపడి, వాటిని అప్పుడే తుడిచిన అద్దాల బీరువాలో పెట్టి మూసింది.

అవి సోలార్ సెల్ కోసం గాజు మీద పూసిన ఆకుపచ్చటి పొరలు. కరెంటును పోనిచ్చే పాలిమర్‌లో టైటానియం ఆక్సైడ్ పొడి కలిపి చేసినవి. వెలుతురు పడితే కరెంటు పుట్టాలి. సెలవులయ్యాక ఆమె పని పరిశీలించడానికి వచ్చే నిపుణుల ముందు పుట్టకపోతే ఆమె పరిశోధన అంతటితో ఆగిపోతుంది.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున బీరువా తెరిచి అమ్మాయి నిలువునా నీరైపోయింది. పొరలన్నీ నీలంగా ఉన్నాయి. మీటరు ముల్లు కదల్లేదు.

నేను బీరువాలోకి వంగాను. ఘాటైన వాసన. అటెండరును పిలిచాను.

"అద్దాలు దేంతో తుడిచినావప్పా?"

"అమ్మోనియా నీళ్ళతో సార్. ఎట్ల మెరస్తా ఉండాయో సూడండి. బీరువాకి బొట్టు గూడా పెట్టినా. ఇంగేం తక్కువ సేసినా?"

"పొరలకు పెట్టలేదు గదా, అలిగినాయి."

అమ్మాయి నవ్వలేదు. "అంతా పోయినట్టేనా సార్?"

"ఏమీ పోలేదమ్మా. అమ్మోనియా చెడిపినదాన్ని యాసిడ్ బాగుచేస్తుంది."

"యాసిడ్‌లో ముంచితే పొర ఊడొస్తాది సార్."

"ముంచేదెందుకు? ఇడ్లీలు నీళ్ళలో ముంచి ఉడికిస్తారా ఏంది?"

కిటికీలన్నీ తెరిచి, మూత ఉన్న గాజు పాత్ర అడుగున హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి, పైన చిల్లుల పళ్ళెంలో పలకలు పరిచాం. ఆవిరి తగిలిన కాసేపటికి అంచుల నుంచి ఆకుపచ్చ రంగు లోపలికి పాకింది. అమ్మోనియా తగిలితే నీలమై కరెంటును ఆపడం, యాసిడ్ తగిలితే పచ్చబడి పోనివ్వడం ఆ పాలిమర్ గుణమే. నేను అనుమానపడలేదు. అమ్మాయి మాత్రం పాత్ర ముందు నుంచి కదల్లేదు.

మధ్యాహ్నం నిపుణుల ముందు ఆమె పలకను కిటికీ ఎండలో పెట్టింది. ముల్లు లేచింది. చెయ్యి అడ్డం పెడితే పడింది, తీస్తే మళ్ళీ లేచింది. నీలం సంగతి కూడా తనే చెప్పింది. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇంతే: పొరలు పచ్చబడ్డాయి, పని సాగుతుంది.

మరుసటి ఏడు ఆయుధపూజకు కూడా ఆమె ల్యాబులోనే ఉంది. అటెండరు తడిగుడ్డ ఆమె ముందుకు చాచాడు.

"అమ్మణ్ణీ, ఈ తూరి ఉత్త నీళ్ళే. కావాలంటే వాసన సూడు."

ఆమె నిజంగానే వంగి వాసన చూసింది.