మామ జనరేటరుకు నేను కుట్టిన పరుపు

కావేరి జలపాతం దగ్గర హొగేనక్కల్‌లో ఒళ్లంతా నూనె పట్టించుకుని పడుకున్న ఒక పెద్దమనిషిని పట్టపగలు గొర్రెపొట్టేలుగా మార్చిన ఘనుణ్ణి నేనే. ఇన్నేళ్లయినా మా వైపు పెళ్లిళ్లలో ఎవరో ఒకరు ఈ సంగతి ఎత్తుతారు. ఆకు ముందు కూర్చున్నవాళ్లంతా సాంబారు మరిచిపోయి నవ్వుతారు. నవ్వండి, నాకేం! కానీ జరిగింది పూర్తిగా విని, తప్పెవరిదో మీరే తేల్చండి.

అవి సెల్‌ఫోన్లకు ఇంకా బటన్లున్న రోజులు. ధర్మపురిలో డీజిల్ మెకానిక్ చదువు ముగించి, లోకంలో ఉన్న ఇంజన్లన్నీ నా కోసమే పాడవుతున్నాయని నమ్ముతున్న వయసు నాది. మా మేనమామ గోవిందప్పది పాపారపట్టి. చెనిక్కాయలు పండించుకునే మనిషి ఉన్నట్టుండి బెంగళూరు నుంచి ఒక ఇంటిబండి కొనుక్కొచ్చాడు. లోపల పడక, పొయ్యి, స్నానాలగది, ఏసీ. వెనక అరలో వాటికి కరెంటిచ్చే జనరేటరు. యాత్రలకు పోయే కుటుంబాలకు బాడుగకిద్దామని ఆయన ఆశ. జనరేటరు మాత్రం ఒకసారి దగ్గి, రెండోసారి తుమ్మి, మూడోసారి ఊరంతా ఉలిక్కిపడేలా మొత్తుకునేది.

"ఏమ్రా అబ్బీ, మెకానిక్ చదివినావు కదా, దీన్ని సరి చేస్తావా?" అన్నాడు మామ.

"నాకు వదిలెయ్ మామా. పుట్టినప్పుడు ఎట్లుండెనో అట్ల చేసిస్తాను."

చేశాను కూడా! కార్బురేటరు విప్పి కడిగాను. తుప్పుపట్టిన పెట్రోలు ట్యాంకు తోమాను. పిస్టన్ రింగులు మార్చాను, కింద కొత్త రబ్బరు దిమ్మెలు పెట్టాను. దగ్గూ తుమ్మూ పోయాయి. పెళ్లిళ్లలో కథ చెప్పేవాళ్లు ఈ భాగాన్ని ఎప్పుడైనా చెప్పారా? చెప్పరు. నోరు నొప్పి పుడుతుందేమో.

ఇంతలో సేలం నుంచి ఒక నూలుమిల్లు యజమాని ఫోన్ చేశాడు. ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడే మనిషి. వేసవంతా బండి కావాలట, ముందుగా ఆదివారం హొగేనక్కల్‌లో చూస్తాడట. "ఒకటే మాట. పగలు పడుకుంటే నాకు చీమ నడిచినా మెలకువ వస్తుంది. జనరేటరు సత్తం వినిపిచ్చిందంటే బండి వద్దు," అన్నాడు. సత్తమంటే మా వైపు చప్పుడు.

ధర్మపురిలో నాకు తెలిసిన వర్క్‌షాపు అన్నను అడిగాను. "ఇంజను పక్కన వేసే షీట్లు వేరే ఉండాయి. సత్తం ఆపుతాయి, మంట పట్టవు. బెంగళూరులో దొరుకుతాయి, తెప్పిచ్చుకో," అన్నాడు.

"బెంగళూరు ఎందుకన్నా? మా మామ చేన్లో ఇలవం చెట్టుండగా!"

ఇలవం అంటే బూరుగు. దాని పంజు, అదే దూది, ఊదితే ఎగిరిపోయేంత మెత్తన. దాన్ని అత్త పాతచీరల మధ్య కూరి, అర గోడలకు సరిపోయేలా పరుపులు కుట్టాను.

"ఇంజనుకు నా చీర కట్టేదేమిరా?" అంది అత్త.

"నీ చీర మెత్తన అత్తా. సత్తాన్ని మింగేస్తుంది."

గాలి లోపలికి పోయే దారీ, వేడిగాలి బండి పక్కనుంచి బయటికొచ్చే గొట్టమూ వదిలాను. ఊపిరాడకుండా మూసేంత బుద్ధిలేనివాణ్ణి కాదు. ఇంజను ఆన్ చేసి, సత్తం కారకుండా అర తలుపు చుట్టూ స్క్రూలు బిగించాను. మామ తలుపుకు చెవి ఆనించాడు.

"ఆన్ చేసినావా లేదా?"

"నడుస్తా ఉండాది మామా!"

మామ నన్ను గట్టిగా కావలించుకున్నాడు. ఆ కావలింత కూడా ఎవరూ చెప్పరు.

ఆదివారం మిల్లాయన భార్యతో వచ్చాడు. ఆమె ఏసీ చల్లదనానికి బండి లోపలే ఉండిపోయింది. ఆయన బండి నీడలో బండరాయి మీద వెల్లకిలా పడుకుని నూనె పట్టించుకున్నాడు. మాలిష్ మనిషి ఆయన్ను మెరిసేదాకా పిసికాడు. నేను ఆన్ చేసి మళ్లీ స్క్రూలు బిగించిన జనరేటరు నడుస్తూనే ఉంది. ఆయన గురక పెట్టాడు. మామ నావైపు చూసి మీసం దువ్వాడు.

అప్పుడు ఆయన వైపున్న గొట్టంలోంచి తెల్లటిదేదో తేలుతూ వచ్చింది. సీతాకోకచిలుక అనుకున్నాను. వెనకే మరొకటి. ఆ తర్వాత ఒక్కసారిగా బుస్సుమని మబ్బే బయటికొచ్చింది! లోపల అదురుకు అత్త చీర చిరిగింది, ఇంజనును చల్లబరిచే ఫ్యాను పంజునంతా పీల్చి బయటికి ఊదుతోంది.

"ఐయో, నా మీన్లు!" అని పక్కనే చేపలు వేయించే అమ్మ పెనం మీద తట్ట బోర్లించింది. మాలిష్ మనిషి నూనె సీసా చంకన పెట్టుకుని పరుగు తీశాడు.

"ఆపరా! ముందు దాన్ని ఆపరా!" మామ కేకలు.

ఆపే మీట అరలో ఉంది. నేను స్క్రూలు విప్పుతున్నాను.

"ఇన్ని స్క్రూలు ఎందుకు కొట్టినావురా?"

"సత్తం రాకూడదని మామా!"

చివరికి మీట నొక్కేసరికి లోపల పరుపంటూ ఏమీ మిగల్లేదు. అంతా మిల్లాయన మీదికి, చెవుల్లోకి కూడా చేరింది. నూనె మీద పడిన దూది ఊడుతుందా? రాయి మీద నుంచి ఒక తెల్లటి ఆకారం మెల్లగా లేచి కూర్చుంది. రెండు కళ్లు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి. అప్పుడే ఆయన భార్య బండి దిగింది. ఆ ఆకారాన్ని పైనుంచి కిందికి చూసి, మామనడిగింది: "మా ఆయన యాడికి పోయినాడు?"

చేపలమ్మ నవ్వింది. పరిగెత్తినవాడు తిరిగొచ్చి మరీ నవ్వాడు. నన్ను కావలించుకున్న మామ, నేనెవరో తెలియనట్టు కావేరి వైపు తిరిగి నిలబడ్డాడు! నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పని చేస్తే ఒక్కరూ అసలు సంగతి అడగరేం? నేరుగా మిల్లాయన ముందుకెళ్లి నిలబడ్డాను.

"అయ్యా, మీరే నాయం చెప్పండి. సత్తం వచ్చెనా?"

ఆయన నోట్లోని దూది ఉమ్మాడు. మరికొంత ఉమ్మాడు.

"రాలేదు నాయనా. వచ్చింటే లేచి పరుగెత్తి ఉందును కదా!"

బండి వద్దని చెప్పి, ఆ దంపతులు బస్సులో సేలం వెళ్లిపోయారు. బస్సులో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదని తర్వాత విన్నాను.

ఆ సాయంత్రమే కావేరిలో మొలలోతు నీళ్లలో నిలబడి, దోసిలి పట్టి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ ఇంజనుకూ పరుపు కుట్టను, మొత్తుకునేదాన్ని మొత్తుకోనిస్తాను, పక్కన పడుకున్నవాళ్లు వినేటట్టు, లేచి పారిపోయేటట్టు!