మా నాన్న పేరుతో బతికిన బాబాయి

కిందటి నెల మా బాబాయి పోయాడు. పొద్దున్నే ఫోన్లో పిన్ని ఆ మాట చెప్పి, ఏడుపు మధ్యలోనే "సర్టిఫికెట్ మీద ఎవరి పేరు రాపిద్దాం నాయనా?" అని అడిగింది.

ఆ సంగతి ముందు చెప్పాలి మీకు. బొగ్గు గనిలో పని మొదట మా నాన్నకు వచ్చింది. గని బాయిలోకి ఒక్కసారి దిగి, ఆ చీకటికి హడలిపోయి మా ఊరు పెనుబల్లి తిరిగొచ్చేశాడు. వచ్చిన కొలువు ఎందుకు పోగొట్టుకోవాలని అన్న పేరు చెప్పి తమ్ముడు దిగాడు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, ఎవరు పోతే ఏందనుకున్నారు. అది తప్పని అప్పట్లో మా వైపు ఎవరికీ తోచలేదు. అలా ముప్పై ఏళ్లు. కొత్తగూడెం క్వార్టర్లలో అందరూ బాబాయిని మా నాన్న పేరుతోనే పిలిచేవారు. పిన్ని ఆధార్‌లో భర్త పేరు కూడా అదే.

తన కాగితాలు సరిచేసుకునే దారి లేదనే కాబోలు, రిటైరయ్యాక బాబాయి కాలనీ వాళ్ల కాగితాల మీద పడ్డాడు. ఏ ఇంటికి పోయినా టీ తాగకముందే బీరువా తీయించేవాడు. పాసుపుస్తకంలో, బ్యాంకులో, ఆధార్‌లో పేరు ఒక్కలాగే ఉందా? నామినీగా ఇంకా చనిపోయిన తల్లి పేరే ఉందా? వీలునామా రాశారా, సాక్షులిద్దరూ మీకంటే చిన్నవాళ్లేనా? విసుక్కునేవాళ్లు విసుక్కునేవారు. నాచేత పెళ్లయిన వారానికే నామినీ మార్పించాడు. ఇవాళ మా ఇంట్లో ఏ కాగితానికీ వెతుకులాట లేదంటే ఆయన చలవే.

ఒకసారి కోపం ఆపుకోలేక, మరి నీ సంగతేందని అడిగేశాను. కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పాడు.

"నిజం చెప్తే తిన్నదంతా కక్కమంటరురా. చెప్పకపోతే మీ పిన్ని ఆగమైతది. నేనింకా బాయిలకెల్లి పైకి రానేలేదు."

ఇప్పుడు అందరం అందులోనే ఉన్నాం. పిన్నికి పెన్షన్ రావాలంటే మరణ ధ్రువపత్రం మా నాన్న పేరు మీద కావాలి. అంటే పెనుబల్లిలో నిక్షేపంగా ఉన్న మనిషి కాగితాల్లో చచ్చిపోవాలి. రాయించమ్మా, నాకేమైతదని నాన్నే అన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు.

"మీరు బతికున్నరు బావా. నా చేత్తో ఎట్ల రాపిస్త?"

పెన్షన్ లేకపోతే ఆమెకు గడిచే దారి లేదు. దరఖాస్తు మాత్రం నింపలేదు, ఆమె బైబిల్లో మడిచిపెట్టి ఉంది.

సమాధి మీది సిలువకు పేరు రాసే అతను వచ్చాడు. అసలు పేరు రాస్తే రేపు విచారణకొచ్చినవాళ్లు చూస్తారు. నాన్న పేరు రాయించడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఖాళీగా ఉంచమంది పిన్ని. అతను తేదీ ఒక్కటే రాసి వెళ్లిపోయాడు.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక నాన్నను అక్కడికి తీసుకెళ్లాను. సమాధి ముందు నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచాడు.