తలుపు తీస్తే ఆగుతుందన్నాను

వైరా దగ్గరి కారం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో నేను ఎలక్ట్రీషియన్ని. బస్తాలు పేర్చే రోబో చుట్టూ కంచె కట్టాక, దాని తలుపుకు సేఫ్టీ స్విచ్ వైరింగ్ చేసింది నేనే. తలుపు తీస్తే రోబో ఆగిపోవాలి. ములకలపల్లి నుంచి కొత్తగా వచ్చిన ఆపరేటర్ జోగయ్యకు పదిసార్లు తీసి చూపించాను. "భయపడకు తమ్మీ, తలుపు తీస్తే ఆగుతది" అన్నాను.

దసరా ఆయుధపూజ నాడు తలుపు బార్లా తీసి, రోబో తిరుగుతుండగానే అందరికీ చూపించాలని ఓనరు ముచ్చటపడ్డాడు. "ఒక్క పూటే గదా, ఏమైతది" అన్నాడు. తలుపు తెరిచినా మూసినట్టే ఉండేలా స్విచ్‌కు చిన్న వైరు ముక్క కలిపాను. ప్రసాదం తిని ఇంటికి వెళ్లాను. ఆ వైరు తీయడం మరిచిపోయాను.

మర్నాడు రోబోకు వేసిన బంతిపూల దండ తెగి బస్తాల మధ్య పడింది. దాన్ని తీయడానికి జోగయ్య తలుపు తెరిచాడు. అప్పుడు రోబో తర్వాతి బస్తా కోసం ఎదురుచూస్తూ కదలకుండా ఉంది. తలుపు తీసినందుకే ఆగిందనుకుని లోపలికి వెళ్లాడు. బస్తా రాగానే అది కదిలింది. నేను పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కేలోగా అతని కుడిచెయ్యి నలిగిపోయింది.

అతన్ని అంబులెన్సు ఎక్కించగానే, ఎవరూ చూడకుండా ఆ వైరు పీకి జేబులో వేసుకున్నాను.

ఖమ్మం దవాఖానాలో చెయ్యి తీసేశారు. చూడ్డానికి వెళితే జోగయ్య మెల్లగా అన్నాడు: "నువ్వు మంచిగనే చెప్పినవ్ అన్నా. నేనే తలుపు సక్కగ తియ్యలేదేమో."

"అవ్" అన్నాను.

చెప్పాల్సినవాడికి చెప్పలేక, ముక్కూమొహం తెలియని మీకు రాస్తున్నాను.