మాడిపోయిన ట్యూబులైట్ల పొలిక్సేని

మా మేడలో ఎవరింట్లో ట్యూబులైటు మాడిపోయినా, ఆ ఇంటివాళ్ళకన్నా ముందు పొలిక్సేని పిన్నికి తెలిసిపోయేది. మనిషి పోతే పరామర్శకు కాస్త ఆలస్యం చేసేదేమో గానీ, ట్యూబు పోతే మాత్రం మొదట గుమ్మమెక్కేది ఆవిడే.

"థెక్లా, చెత్తలో పారేశావా?"

"ఇంకా లేదు పిన్నీ," అనేదాన్ని నేను.

"బతికించావు. అందులో పాదరసం ఉంటుందే! చెత్తబండివాడి మొహమ్మీద పగిలితే వాడి పెళ్ళాం ఎవర్ని తిట్టాలి? నిన్నే!"

అప్పటికింకా మా గ్రీకు రేవుపట్నం వోలోస్‌లో అందరిళ్ళలోనూ ట్యూబులే. పెళ్ళిగౌన్లు కుట్టి కుట్టి మానేసిన పిన్ని దగ్గర తెల్ల శాటిన్ ముక్కలు గుట్టలుగా ఉండేవి. చచ్చిన ట్యూబును అందులో పెళ్ళికూతురిలా చుట్టి, బస్సెక్కి, ఊరి అవతలున్న పంతాజిస్ ఎలక్ట్రిక్ షాపుకు మోసుకెళ్ళేది. అక్కడ పాత లైట్ల కోసం పొడుగాటి పెట్టె ఉండేది. అది నిండితే లారీ వచ్చి ఫ్యాక్టరీకి తీసుకుపోయేది. అక్కడ గాజునీ లోహాన్నీ పాదరసాన్నీ విడదీసి, పనికొచ్చేవి మళ్ళీ వాడేవారు.

ఒకసారి బస్సు డ్రైవరు, "ఆ మూటలో ఏంటమ్మా, తుపాకీయా?" అన్నాడు.

"తుపాకీ అయితే నీ ఒక్కడికే ప్రమాదం. ఇది పగిలితే బస్సు బస్సంతా దిగాలి. నిదానంగా పోనీ!"

పాపం, అతను ప్రతి మలుపులోనూ బస్సును ఊయలలా మెల్లగా తిప్పాడు. ఆ రోజు రేవుకు పోవాల్సినవాళ్ళంతా ఓడ అందుకోలేక పిన్నిని దీవించారు.

మా ఆయన పేరున్న పునీతుడి పండుగ నాడు, ఇంటినిండా చుట్టాలున్నప్పుడైతే చెప్పనే అక్కర్లేదు. వంటింట్లో మా మరిది చేతులెత్తి చిందులేస్తూ ట్యూబును ఠప్పున పగలగొట్టాడు.

"ఎవరూ కదలకండి!" అని అరిచింది పిన్ని. వెంటనే, "కాదు, అందరూ కదలండి! కిటికీ తీసి బయటికి నడవండి!"

నేను చీపురు అందుకోబోయాను.

"చీపురు ముట్టుకున్నావో, చెయ్యి విరగ్గొడతా! ఆ పొడి గాల్లోకి లేస్తుంది!"

గదికి బాగా గాలి తగిలాక తనే లోపలికెళ్ళి, గట్టి అట్టముక్కతో పెంకులన్నీ గాజు సీసాలోకెత్తి, పొడిని అతుకు టేపుతో అద్ది, తడి కాగితంతో నేల తుడిచి, అన్నీ ఆ సీసాలోనే వేసి మూత బిగించింది. ట్యూబు కింద ఉన్న మాంసం ఉండల పళ్ళేన్నీ వదలకుండా పారేయించింది. చుట్టాలంతా మెట్ల మీద కూర్చుని మిగిలింది తిన్నారు. మా ఆయన ఇప్పటికీ ఆ ఉండల్ని తలుచుకుని నిట్టూరుస్తాడు.

కింది వాటాలో ఆర్గీరిస్ గారని, ఒకప్పుడు ఓడలో వంట చేసిన పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. మోకాళ్ళు పట్టేసినా ఒకరి దగ్గర ఉప్పురాయి కూడా పుచ్చుకోని మొండిఘటం. అలాంటివాడింట్లో ఒకనాడు పిన్ని నిచ్చెనెక్కి కొత్త ట్యూబు బిగిస్తోంది!

"పాతదిస్తే కొత్తది ఊరికే ఇస్తారమ్మా," అన్నాడాయన నాతో, ఛాతీ విరుచుకుని. "ప్రభుత్వ నియమం. నా హక్కు!"

నాకు ఒళ్ళు మండింది. నేనిచ్చిన పాతవాటికి నాకేమీ రాలేదే! మర్నాడే మాడిన ట్యూబొకటి పట్టుకుని పంతాజిస్ షాపుకెళ్ళాను.

"ఇదిగో పాతది. కొత్తదివ్వండి."

"ఏ రకం కావాలమ్మా?"

"ఊరికే ఇచ్చే రకం."

పంతాజిస్ కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "పాతది తీసుకోవడమే ఊరికే. కొత్తవి కూడా ఊరికే ఇస్తే నేనూ మాడిపోతాను. మీది పొలిక్సేని గారి మేడా?"

"అవును."

"ఆ నియమం ఆవిడ పెట్టిందేలెండి, అదీ ఆర్గీరిస్ ఒక్కడికి. చీకట్లో పొయ్యి తడుముకుని చెయ్యి కాల్చుకున్నాట్ట. కొనిస్తానంటే తలుపేసుకున్నాట్ట. అందుకని ఆవిడే కొని, ప్రభుత్వం ఇచ్చిందని చెప్తుంది."

డబ్బిచ్చి ఒకటి కొనుక్కుని వచ్చేసరికి, మెట్ల దగ్గర ఆర్గీరిస్ గారు పిన్నిని నిలదీస్తున్నాడు.

"ఈసారి ప్రభుత్వం పంపిన ట్యూబు మరీ తెల్లగా ఉందమ్మా. చేప వేగిందో లేదో తెలిసి చావడం లేదు. పసుపు వెలుగుది పంపమను!"

"అలాగేనండీ, గట్టిగా చెప్తాను," అంది పిన్ని వినయంగా.

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వూ చెప్పమ్మా. అడక్కపోతే ఈ ప్రభుత్వాలు కదలవు."

పిన్ని గోడకేసి చూస్తోంది.

"తప్పకుండా చెప్తానండీ," అన్నాను. "ఈ ప్రభుత్వం మంచిదే, వింటుంది."

పిన్ని మోచేయి నా డొక్కలో దిగింది.