చివరి బంతిదాకా ఒక్కడే

పోయిన ఆదివారం నాకు కప్పిన శాలువా ఇంకా ముందుగదిలో కుర్చీ మీదే పడి ఉంది. మా ఆవిడ దాన్ని మడతపెట్టి బీరువాలో పెట్టబోతే వద్దన్నాను, అలాగని నేనూ తీయలేదు. దాన్ని ముట్టుకుంటే చేతికి జిగురేదో అంటుకుంటుందన్నట్టుగా ఉంది నాకు. నేను ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసిన కాలేజీలో పాత విద్యార్థులంతా కూడి, తొంభైల్లో మా బేస్‌బాల్ జట్టు కప్పు గెలిచిన ముచ్చటను తలుచుకుంటూ చేసిన సన్మానం అది. నాతో పాటే రిటైరైన లెక్కల మాస్టారు మైకు అందుకుని, ఆ రోజుల్లో మొదటి బంతి వేసినవాడే చివరి బంతి కూడా వేసేవాడనీ, ఇప్పటి పిల్లలు సగం ఆటకే భుజం పట్టుకుంటున్నారనీ అంటుంటే జనం చప్పట్లు కొట్టారు. ఆ మాట ఆయనది కాదు. స్టాఫ్ రూములో టీ తాగుతూ ఏళ్ళ తరబడి నేను చెప్పుకున్న గొప్ప అది. నా నోట్లోంచి వచ్చినన్నాళ్ళూ తియ్యగా ఉన్న మాట ఇంకొకరి నోట వినేసరికి చేదుగా తగిలింది.

మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన వైపు కాలేజీల్లోకి ఉన్నట్టుండి బేస్‌బాల్ వచ్చిపడింది. అప్పటిదాకా మనకి వాలీబాల్, కబడ్డీ, వేసవి వస్తే క్రికెట్, అంతే కదా. ఏదో శిక్షణ శిబిరానికి పంపిస్తే వెళ్ళి, అరకొరగా నేర్చుకుని, రెండు బ్యాట్లూ కుట్లు ఊడిన తోలు గ్లవ్వులూ పట్టుకొచ్చి, వరి కోసేసిన చేలో మొదలుపెట్టాను. గట్టు మీద కూర్చున్న పెద్దవాళ్ళు దాన్ని ఇంగ్లీషు బిళ్ళంగోడు అని నవ్వుకునేవారు. ఆ ఆట ఎరగనివారికి ఒక్క సంగతి చెప్పాలి. క్రికెట్లో ఓవరు అయ్యాక బంతి మరొకరి చేతికి వెళుతుంది. ఇందులో అలా కాదు. మధ్యలో చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు, మనం మార్చేదాకా అవతలి జట్టులో అందరికీ అతనే విసరాలి, ఒకసారి దించేస్తే మళ్ళీ ఎక్కనివ్వరు. ఎప్పుడు దించాలన్నది కోచ్ ఇష్టం. ఆ ఇష్టం నా చేతిలో పడింది.

మా జట్టులో దిబ్బ ఎక్కేవాడు మా అక్క కొడుకు. మా బావగారికి కొబ్బరికాయల కొట్టు ఉండేది. లారీ వచ్చి ఆగితే రాశి దగ్గర ఒకరు నిలబడి కాయలు పైకి విసరడం, లారీ మీద మరొకరు అందుకోవడం కోనసీమలో రోజూ చూసేదే. మా మేనల్లుడు మీసాలు రాకముందే ఆ పనికి అలవాటుపడ్డాడు. ఒక్క చేత్తో రెండేసి కాయలు, ఒకదానికొకటి తగలకుండా, పైవాడు చేతులు కదపనక్కర లేకుండా సరిగ్గా అరచేతుల్లో పడేలా విసిరేవాడు. ఒకరోజు అక్కని చూడ్డానికి వెళ్ళి, కొట్టు అరుగు మీద కాఫీ తాగుతూ అది చూశాను. కాఫీ చల్లారిపోయింది. నాకు జట్టు దొరికిందనుకున్నాను, అంతకంటే నిజం, నాకు పేరు దొరికిందనుకున్నాను.

మా కాలేజీలోనే డిగ్రీలో చేరాడు. గ్రౌండులో అడుగుపెడితే నేను మావయ్యని కాననీ, అందరిలాగే సార్ అనాలనీ మొదటి రోజే చెప్పాను. చుట్టరికం చూసి బంతి ఇచ్చానని ఎవరూ అనకూడదని నా జాగ్రత్త. వాడు ఆ మాట తప్పలేదు. ఇంట్లో అక్క గారెలు వేస్తే నా ప్లేటులోంచి ఒకటి లాక్కుని తినే పిల్లాడు, గ్రౌండులో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

ఆ ఏడాది ఆటలన్నీ గమనించి నేనొక సూత్రం కనిపెట్టాను. మావాడు చివరిదాకా దిబ్బ మీద నిలిచిన ప్రతి ఆటా గెలిచాం, మధ్యలో దించిన ప్రతి ఆటా ఓడాం. కాబట్టి గెలవాలంటే వాణ్ణి దించకూడదు. ఇదే నా సూత్రం, దీన్ని తోటి కోచ్‌లకి ఉపదేశం కూడా చేసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఎంత తెలివితక్కువతనం. మన రేవుల్లో పడవలు నడిచే రోజులు గుర్తున్నాయి కదా, గాలి లేని రోజున పడవ పొద్దుగూకేదాకా తిరిగేది, గాలి లేస్తే మధ్యాహ్నానికే కట్టేసేవారు. పడవవాడు ఆపకుండా తిప్పాడు కాబట్టి గాలి లేవలేదని ఎవరైనా అంటే నవ్వుతాం. నేనన్నది సరిగ్గా అదే. మావాడి చెయ్యి బాగున్న రోజున, మనవాళ్ళు నాలుగు పరుగులు ముందున్న రోజున, దించాల్సిన అవసరం రాక వాడు చివరిదాకా నిలిచేవాడు. దెబ్బలు తిన్న రోజున దించేవాణ్ణి. గెలుపు వాణ్ణి నిలబెడుతుంటే, వాడు నిలబడ్డం వల్ల గెలుపు వస్తోందనుకున్నాను.

రెండో పిచ్చర్ లేడా అంటే ఉన్నాడు. మా వీధిలోనే ఉండే, పురోహితం చేసే పంతులుగారి అబ్బాయి. వాడి బంతి నెమ్మదిగా, నిద్రమత్తులో ఉన్నట్టు వచ్చి, తీరా బ్యాటు దగ్గరికొచ్చేసరికి కిందికి జారిపోయేది. ప్రాక్టీసులో మావాళ్ళెవరూ దాన్ని సరిగ్గా కొట్టలేకపోయేవారు. అయినా నా కంటికి ఆనలేదు. తాంబూలం ఇచ్చినట్టు విసురుతున్నావేంట్రా అని అందరి ముందూ ఎగతాళి చేసేవాణ్ణి. వాడు నవ్వేసి, పుచ్చుకున్నవాళ్ళెవరూ బాగుపడలేదు కదా సార్ అనేవాడు. జట్టంతా నవ్వేది. నేను మాత్రం తప్పనిసరైతే తప్ప వాడికి బంతి ఇచ్చేవాణ్ణి కాదు.

చివరి ఆట రాజమండ్రిలో. అంతకు ముందురోజే జంగారెడ్డిగూడెం జట్టు మీద మావాడు మొదటినుంచి చివరిదాకా విసిరి గెలిపించాడు. ఒక్క రాత్రి విశ్రాంతితో మళ్ళీ దిబ్బ ఎక్కించాను. ఎండ మండిపోతోంది. షామియానా కింద రాష్ట్ర జట్టుని ఎంపికచేసే పెద్దమనుషులు ముంజెలు తింటూ కూర్చున్నారు. మా బ్యాటింగు ఆ రోజు ఎలా కుదిరిందో కుదిరింది, ఆట మూడొంతులు గడిచేసరికి అవతలివాళ్ళు అందుకోలేనంత దూరం వెళ్ళిపోయాం. దిబ్బ మీద ఎవరిని నిలబెట్టినా గెలిచేవాళ్ళం. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

మేం బ్యాటింగు చేస్తుండగా మావాడు నా పక్కకి వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"మావయ్యా, చెయ్యి నాది కాదన్నట్టు ఉంది. పంతులుగారబ్బాయికి ఇచ్చెయ్యవా?"

గ్రౌండులో వాడు నన్ను మావయ్యా అని పిలవడం అదే మొదటిసారి. అంత కట్టుబాటుగా ఉండే పిల్లాడు ఆ మాట తప్పాడంటే ఎంత నొప్పి ఉండి ఉండాలి. నేను చూసింది నొప్పిని కాదు, షామియానాని. అక్కడివాళ్ళు విన్నారేమోనని చూసి, ఇదీ నేనిచ్చిన జవాబు.

"గ్రౌండులో సార్ అనమన్నానా లేదా?"

వాడు తల వంచుకుని, సరే సార్ అని, గ్లవ్వు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది. పంతులుగారబ్బాయి అప్పటికే లేచి నిలబడి చెయ్యి విదిలించుకుంటున్నాడు. వాణ్ణి కూర్చోమని సైగ చేశాను.

చివరి ఇన్నింగ్సులో ఒక బంతి వేశాక మావాడి చెయ్యి కిందికి జారి అలాగే ఉండిపోయింది. అరవలేదు. తరవాత నాలుగైదు బంతులు భుజం ఎత్తకుండా పక్కనుంచి ఎలాగో విసిరి ఆట ముగించాడు. కప్పు నా చేతికిచ్చారు. షామియానాలోంచి ఒకాయన వచ్చి, ఒక్కడే చివరిదాకా, ఏం తయారుచేశారండీ అని నా భుజం తట్టాడు. నా భుజం.

అక్క ఆముదం రాసి, ఇసక మూటతో కాపడం పెట్టింది. రెండ్రోజుల్లో సర్దుకుంటుందే అని చెప్పి, కప్పు పట్టుకుని కాలేజీకి పోయాను. సర్దుకోలేదు. కాకినాడ డాక్టరుగారు, భుజం లోపల తెగిపోయిందనీ, చెయ్యి ఇక గుండె ఎత్తు దాటి లేవదనీ అన్నారు. మా మేనల్లుడికి చిన్నప్పటినుంచీ ఎస్సై కావాలని ఉండేది. కప్పుతో పాటు వచ్చిన సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకి పనికొస్తుందని నేనే ఊరించాను. అది పనికొచ్చింది కూడా, సెలక్షన్ల దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఇనపగుండు విసరమన్నారు. ఏ చెయ్యి వల్ల అక్కడిదాకా వెళ్ళాడో ఆ చెయ్యి గుండుని ఎత్తలేకపోయింది. తిరిగొచ్చి కొట్టులో గల్లా దగ్గర కూర్చున్నాడు. లారీ వస్తే కాయలు విసరడానికి వేరే మనుషుల్ని పెట్టుకున్నారు. అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ ఏడాది నుంచి నేను వెళ్ళినప్పుడు గారెలు మాత్రం వెయ్యలేదు.

అయినా స్టాఫ్ రూములో నా గొప్ప ఆగలేదు. భుజం సంగతి వదిలేసి, చివరి బంతిదాకా ఒక్కడే అన్న ముక్క ఒక్కటే చెప్పుకుంటూ రిటైరయ్యాను.

ఆదివారం సభలో, గురువుగారికి ఆనాటి పిచ్చర్ చేతుల మీదుగా పూలదండ అని మైకులో పిలిచారు. మావాడు వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. ఎడమ చేత్తో దండ పైకెత్తాడు, కుడి చెయ్యి ఛాతీ దగ్గర ఆగిపోయింది. దండ ఒక పక్కకి వాలి నా చెవి దగ్గర వేలాడింది. అప్పుడు నేను నడుం దాకా వంగాను, వాడి కుడి చెయ్యి ఎంత వరకు లేస్తుందో అంత కిందికి. దండ మెడలో పడింది. అంత పెద్దాయన శిష్యుడి ముందు ఎలా వంగారో చూడండని లెక్కల మాస్టారు మైకులో మెచ్చుకున్నారు. మళ్ళీ చప్పట్లు.

మోటారు సైకిలు మీద మావాడే నన్ను ఇంటి దగ్గర దింపాడు. దారిలో ఆ రోజు సంగతి ఎత్తి, తప్పు నాదేరా అన్నాను. ఇన్నేళ్ళకి. గేటు దగ్గర బండి ఆపి, "నాకు చెయ్యి పోయిందని కాదు మావయ్యా, నువ్వు నన్ను సార్ అనమన్నావే, అదే గుర్తుంటుంది" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ కాలేజీలో ఒక కుర్ర మేడమ్ కోచ్‌గా ఉంది. పొద్దున్నే నడకకి వెళ్ళినప్పుడు చూస్తుంటాను. పిచ్చర్ బాగా విసురుతూనే ఉంటాడు, ఆవిడ మాత్రం దిబ్బ దాకా నడిచి వెళ్ళి, ఏదో అడిగి, బంతి తీసుకుని వేరేవాడికి ఇస్తుంది. దిగిన పిల్లాడు నామోషీ పడడు, నీళ్ళు తాగుతూ కూర్చుని స్నేహితుణ్ణి ఉషారు చేస్తాడు. వాళ్ళు కొన్ని గెలుస్తున్నారు, కొన్ని ఓడుతున్నారు, మనం ఎన్ని గెలిచామో ఎన్ని ఓడామో దాదాపు అలాగే. రేవులో పడవలు పోయి వంతెనలు వచ్చాయి, చేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి, ఆటలకి సరైన గ్రౌండులూ వచ్చాయి. అవన్నీ మారినందుకు నాకు పెద్దగా దిగులు లేదు. ఆవిడ గీత దగ్గరనుంచి దిబ్బ దాకా నడిచే ఆ కాస్త దూరం చూసినప్పుడే నా నడక ఆగిపోతుంది. ఆ దూరం మా రోజుల్లోనూ అంతే ఉండేది.