నా బదులు రాసిన జవాబు

మా బావమరిది పెడనలో చీరలు నేయిస్తాడు. వాళ్ల ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త అంచు ఏది వేసినా, మగ్గం దిగిన తొలి చీర కొండ మీద అమ్మవారికి పెట్టేదాకా దాని సంగతి గడప దాటకూడదు. పక్కింటి పిల్లి మగ్గాల గదిలోకి తొంగిచూసినా మా అత్తగారు దాన్ని శత్రుదేశపు వేగులవాణ్ణి తరిమినట్టు తరుముతారు. ఇంటి అల్లుణ్ణి కనుక నాకొక్కడికే మినహాయింపు. పైగా నాకు ఇంగ్లీషు వచ్చునని ఆ ఇంట్లో ఒక అపోహ ఉండటంవల్ల వ్యాపారం ఉత్తరాలన్నీ విజయవాడలో నా మెయిల్‌కే వస్తాయి.

నిరుడు శ్రావణానికి ఆయన వేసిన అంచు వరికంకుల నడుమ ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. ఉన్న మగ్గాలన్నీ దానికే కట్టాడు. ఫొటో నాకు మెయిల్‌లో పంపి, ఎగ్జిబిషన్ వాళ్ల కోసం ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నాడు. ఈ సంగతి పవర్‌లూమ్ వాళ్ల చెవిన పడితే మన చీర మగ్గం దిగేలోపే వాళ్ల చీర బజారెక్కుతుందనీ, ఎవరికీ చెప్పొద్దనీ కింద రాశాడు.

అప్పటికి నా మెయిల్ పెట్టె, సరుకు లారీ అడ్డంగా నిలిచిపోయిన వన్ టౌన్ సందులా ఉంది. ఒక ఉదయం దాన్ని తెరిస్తే, మీ పాత ఉత్తరాలు చదువుకుని మీ తరఫున నేనే జవాబులివ్వనా అని కృత్రిమ మేధ ఒకటి అడిగింది. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు మారు అడిగితే ఊపినట్టు తల ఊపి, నొక్కమన్నచోట నొక్కాను.

రెండు రోజులు మహారాజులా గడిచాయి. మూడో రోజు నుంచి అనుమానం మొదలైంది. నేను పనిచేసే కాలేజీ వాళ్లు మీటింగుకు పిలిస్తే, మోకాలినొప్పి వల్ల రాలేనని అదే రాసేసింది. ఆ నొప్పి సంగతి డాక్టరుకు మెయిల్‌లో రాశానే తప్ప మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇక కంప్యూటర్ మూసినా నమ్మకం కుదరక, పైన తువ్వాలు కప్పి, చప్పుడు చేయకుండా నడిచేవాణ్ణి.

నా పేరుతో ఇంకా ఏమేం రాసిందోనని వెతికితే కొంగ బయటపడింది. హనుమాన్ జంక్షన్‌లో బట్టల కొట్టు షావుకారు ఒకాయన, శ్రావణానికి కొత్త సరుకేముందని అడిగాడు. నా తరఫు జవాబులో కొంగ ఉంది, వరికంకి ఉంది, ఒంటికాలు కూడా ఉంది. ఎవరికీ చెప్పొద్దన్న మాటను సైతం మర్యాదగా చేర్చింది. దానికి అటునుంచి, ఈ సమాచారం మా బృందంతో పంచుకుంటామని వచ్చింది. ఆ కొట్టులో బృందమంటే షావుకారూ, ఒక సీలింగ్ ఫ్యానూ.

బావమరిదికి ఫోన్ చేశాను. అవతల మగ్గాల చప్పుడు మధ్యనే సంగతంతా విన్నాడు. ఆనక, హనుమాన్ జంక్షన్ వచ్చేస్తున్నానన్నాడు. ఇద్దరం కలిసి కొట్టుకు వెళ్లాం. షావుకారు మమ్మల్ని పరుపు మీద కూర్చోబెట్టి, కూల్‌డ్రింకులు తెప్పించి, కొంగేమిటండీ అన్నాడు. ఆయన ముఖంలోకి నేను సీఐడీ వాడిలా చూశాను. నటనైతే మాత్రం నాటక పరిషత్తులో బంగారు కిరీటం పెట్టాల్సిందే.

"నేను రాయలేదండీ," అన్నాడు షావుకారు. "మా అల్లుడేదో పెట్టి వెళ్లాడు. వచ్చినయ్యి అదే చదువుకుంటది, అదే రాసుకుంటది. నేను చూసి నెలైంది."

ప్రాణం లేచొచ్చింది. నా బదులు రాసినదీ ఆయన బదులు రాసినదీ వాటిలో అవే ముచ్చటించుకున్నాయి తప్ప, మనిషన్నవాడెవడూ చదవలేదు. బయటికొచ్చాక ఆ మాటే బావమరిదితో విజయగర్వంతో అన్నాను.

"మనుషులు చదవలేదు. సరే బావగారూ," అన్నాడు. "చదివినయ్యి రెండూ ఆ చదివింది ఎక్కడ పెట్టుకున్నాయి? రేపు ఇంకోడు అడిగితే చెప్పవని మీరు హామీ ఉంటారా?"

హామీ ఉండటానికి నోరు తెరిచాను. గుడివాడ బస్సు రాగానే ఆయన ఎక్కేశాడు.

ఇంటికెళ్లి మగ్గాల మీది కొంగలన్నిటినీ దింపేశాడట. నేసిన మేరకు పక్కన పడేసి, వేరే అంచు మొదలుపెట్టాడట. ఈ 'అట'లన్నీ మా ఆవిడ చెప్పినవి. నాకు ఫొటో రాలేదు. ఎగ్జిబిషన్ వాళ్లకు ఇంగ్లీషు ముక్కలు ఎవరు రాశారో తెలియదు. నేను ఆ జవాబుల యంత్రాన్ని ఆపేశాననీ, ఆపేసినట్టు అదే నాకు మెయిల్ పంపిందనీ కబురు పెట్టాను. నాకే నమ్మకం లేని ఆ కబురు పెడనలో ఎవరూ పట్టించుకోలేదు.

శ్రావణానికి వారం ముందు మా ఆవిడ పుట్టింటికి వెళ్లి చీర చూసి వచ్చింది. కాఫీ ఇచ్చి, ఈసారి అంచులో ఏముందని ఊరికే అడిగినట్టు అడిగాను.

"ముందు ఆ ఫోను అవతల గదిలో పెట్టి రండి," అంది.

పెట్టి, తలుపు కూడా వేసి వచ్చాను. ఆవిడ కాఫీ నిమ్మళంగా తాగి, గ్లాసు కడుక్కుని, అమ్మవారికి పెట్టాక మీరే చూద్దురుగాని అంది.